పాత కారు స్టీరియోకి బ్లూటూత్: సిగ్నల్ ఎక్కడ కలపాలి, కరెంటు ఎక్కణ్ణుంచి తీయాలి

కారుతోపాటు కంపెనీ బిగించిన స్టీరియోని తీసేసి కొత్తది పెట్టడం అన్ని కార్లలోనూ కుదరదు. కొన్నిటిలో సెట్టు డ్యాష్‌బోర్డు ఆకారంలోనే కలిసిపోయి ఉంటుంది, స్టీరింగ్ మీది బటన్లూ డిస్‌ప్లే దానితోనే ముడిపడి ఉంటాయి. పాత సెట్టుని కదపకుండా ఫోన్లో పాట అందులో మోగాలంటే చిన్న బ్లూటూత్ రిసీవర్ బోర్డు చాలు. బోర్డు కొనడం, ఫోనుతో జత చేయడం ఇందులో సులువైన భాగం. శబ్దం బాగుంటుందా, గీపెడుతుందా అన్నది మాత్రం పాట సిగ్నల్‌ని సెట్టులో ఎక్కడ కలిపారు, బోర్డుకి కరెంటు ఎలా ఇచ్చారు అన్న వాటిమీదే ఆధారపడుతుంది.

ముందు దారి తేల్చుకోండి

సెట్టు ముఖం మీద 3.5 మి.మీ. ఆక్స్ సాకెట్టు (బయటి పరికరం నుంచి పాట తీసుకునేది) ఉంటే సెట్టు మూత విప్పనక్కర్లేదు. నేరుగా కరెంటు భాగానికి వెళ్లండి. ముందు సాకెట్టు లేకపోయినా కొన్ని సెట్లకి వెనక కనెక్టర్లో ఆక్స్ పిన్నులు ఉంటాయి. సెట్టు మోడల్ నంబరుతో పిన్ల పటం వెతికి చూసుకోండి.

వెనక సీడీ ఛేంజర్ (చాలా సీడీలని పెట్టి మార్చుకునే విడి పెట్టె) సాకెట్టు ఉంటే ఆశపడి ఆడియో పిన్లకి వైర్లు కలపొద్దు. అవతలి నుంచి ఛేంజర్ డేటా రూపంలో జవాబిస్తేనే సెట్టు ఆ దారి తెరుస్తుంది. అందుకే ఛేంజర్‌లా నటించే అడాప్టర్ అవసరం, అదీ ఆ సెట్టుకే సరిపోయేది. అది దొరికితే క్యాసెట్, ఎఫ్.ఎం. దారులకన్నా శుభ్రమైన శబ్దం ఇస్తుంది.

క్యాసెట్ సెట్టయితే క్యాసెట్ ఆకారంలో ఉండే అడాప్టర్ తక్షణ పరిష్కారం. ఆటో రివర్స్ (టేపు చివరికి రాగానే తనే దిశ మార్చడం) ఉన్న సెట్లలో అది అటూ ఇటూ తిరుగుతూ ఆగిపోవచ్చు. ఎఫ్.ఎం. ట్రాన్స్‌మిటర్ ఆఖరి ప్రయత్నంగానే ఉంచుకోండి. ఎఫ్.ఎం. ప్రసారం 15 కిలోహెర్ట్జ్ పైన ఉండే శబ్దాన్ని మోయదు. ఖాళీగా కనిపించిన ఫ్రీక్వెన్సీలోకి కొంత దూరం పోయేసరికి ఏదో స్టేషన్ దూరుతుంది. తప్పదనుకుంటే గాలిలో పంపే రకం కాకుండా, యాంటెన్నా వైరు మధ్యలో బిగించే మాడ్యులేటర్ తీసుకోండి. ఇవేవీ కుదరనప్పుడు సెట్టు విప్పి లోపలే కలపాలి.

విప్పే ముందు

రేడియోకి సెక్యూరిటీ కోడ్ ఉందేమో కనుక్కుని రాసి పెట్టుకోండి. బ్యాటరీ తీశాక ఆ కోడ్ లేకపోతే సెట్టు తెరుచుకోదు. తర్వాత బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ తీయండి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారులో ఆ తర్వాత ఎంతసేపు ఆగాలో కారు మాన్యువల్ చెబుతుంది, అంతసేపు ఆగండి. చుట్టూ ఉన్న ప్యానెల్‌ని ప్లాస్టిక్ పట్టీతోనే లేపండి, స్క్రూడ్రైవర్ పెడితే గీతలు పడతాయి. ముఖం మీద నాలుగు చిన్న రంధ్రాలు కనిపిస్తే అవి యు ఆకారపు తీగ తాళాల కోసం. రెండు వైపులా క్లిక్‌మనేదాకా గుచ్చి, కాస్త బయటికి వంచుతూ లాగితే సెట్టు వచ్చేస్తుంది.

కరెంటు, ఎర్త్

బోర్డుకి కావలసింది 5 వోల్టులు, సాధారణంగా 100 మిల్లీఆంపియర్ల లోపే. ఇంజిన్ నడుస్తున్నప్పుడు కారులో 14 వోల్టుల పైన ఉంటుంది, మధ్యమధ్యలో అంతకన్నా పెద్ద పోట్లు కూడా వస్తాయి. కాబట్టి నేరుగా ఇవ్వకూడదు. తాళం తిప్పినప్పుడు మాత్రమే కరెంటు వచ్చే వైరు నుంచే తీయండి. సెట్టు వెనకుండే ఐ.ఎస్.ఓ. కనెక్టర్లో మామూలుగా ఎరుపు తాళంతో వచ్చేది, పసుపు ఎప్పుడూ ఉండేది, నలుపు ఎర్త్ (కారు బాడీ ద్వారా బ్యాటరీ నెగెటివ్‌కి చేరేది). కొన్ని కార్లలో ఎరుపు, పసుపు తారుమారవుతాయి. రంగుని నమ్మకుండా, కొలిచే కాసేపు బ్యాటరీ కలిపి, తాళం తీసీ వేసీ మల్టీమీటర్‌తో చూసుకోండి. పొరపాటున పసుపుకి కలిపితే 30 మిల్లీఆంపియర్లే అనుకున్నా రోజుకి 0.7 ఆంపియర్ అవర్లు పోతాయి. కారు మూడు వారాలు కదలకుండా ఉంటే 45 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో మూడో వంతు ఖాళీ.

వైరు తీసిన చోటికి దగ్గరగా 1 ఆంపియర్ ఫ్యూజ్ పెట్టండి. 12 నుంచి 5కి దించడానికి ఎల్.ఎం. 2596 లాంటి స్విచింగ్ మాడ్యూల్ (కరెంటుని వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ వోల్టేజి దించేది) వాడేవాళ్లు ఎక్కువ. దాన్ని బోర్డుకి కలిపే ముందే స్క్రూ తిప్పి 5 వోల్టులకి సరిచేయండి, లేకపోతే మొదటి క్షణంలోనే బోర్డు పోతుంది. ఇంత తక్కువ కరెంటుకి 7805 రెగ్యులేటరే మేలు. 14 వోల్టుల దగ్గర 100 మిల్లీఆంపియర్లకి అది 0.9 వాట్ల వేడి చేస్తుంది, చిన్న అల్యూమినియం రేకు బిగిస్తే తట్టుకుంటుంది. స్విచింగ్ రొద కూడా ఉండదు.

అసలు తంటా ఎర్త్‌తో వస్తుంది. బోర్డు ఎర్త్ కారు బాడీకి ఒక దారిలో, ఆడియో వైరు కవచం ద్వారా సెట్టులోకి ఇంకో దారిలో చేరుతుంది. ఈ రెండు చోట్ల మధ్య కొన్ని మిల్లీవోల్టుల తేడా ఉన్నా ఆల్టర్నేటర్ కరెంటు కొంత ఆడియో వైరులో పారుతుంది. యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ పెరిగే కీచుమనే ఈల అదే. దీనికి ఒక వాట్ బీ0505ఎస్ అనే ఐసొలేటెడ్ కన్వర్టర్ చక్కగా పనిచేస్తుంది. అది 5 వోల్టులు తీసుకుని, ఎర్త్ వేరుచేసి, 5 వోల్టులు 200 మిల్లీఆంపియర్ల దాకా ఇస్తుంది. 7805 తర్వాత దీన్ని పెట్టి, బోర్డు ఎర్త్ ఇంకెక్కడా బాడీకి తగలకుండా, సెట్టులోని ఆడియో ఎర్త్‌కి ఒక్కచోటే కలపండి. లోడు తక్కువైతే దీని వోల్టేజి 5 దాటుతుంది, బోర్డు ఎంతవరకు ఓర్చుకుంటుందో చూసుకోండి. ఆక్స్ సాకెట్టు వాడేవాళ్లు ఆడియో వైరులో ట్రాన్స్‌ఫార్మర్ రకం ఐసొలేటర్ పెట్టినా ఈల ఆగుతుంది. కాకపోతే చవకరకం వాటిలో బేస్ కొంత తగ్గుతుంది.

లోపల కలపడం

మూత విప్పితే వాల్యూమ్, టోన్ నడిపే ఐ.సి. (చిప్) ఒకటి కనిపిస్తుంది. పాత సెట్లలో టీ.డీ.ఏ. 7313 లాంటివి ఉంటాయి, దానికి మూడు స్టీరియో ఇన్‌పుట్లు. మీ సెట్టులో ఉన్న నంబరు చదివి దాని డేటాషీట్ (ఏ పిన్ను ఏంటో చెప్పే తయారీదారు పత్రం) తెచ్చుకోండి. ఒక ఇన్‌పుట్ ఖాళీగా ఉన్నా సెట్టు కంప్యూటర్ దాన్ని ఎప్పుడూ ఎంచుకోదు. అందుకే టేప్ లేదా సీడీ వాడుతున్న ఇన్‌పుట్‌నే తీసుకోవాలి.

ఆ పిన్నుల నుంచి వెనక్కి వస్తే ఎడమకొకటి కుడికొకటి కెపాసిటర్లు ఉంటాయి. వాటికి ఐ.సి. వైపు కాకుండా, సిగ్నల్ వచ్చే వైపు కలపండి. అప్పుడు ఐ.సి. లోపలి డీసీ వోల్టేజి చెదరదు. సర్క్యూట్ మీది పాత సిగ్నల్ రాగి గీతని కత్తితో తెంచడమో, రెండు వరసల స్విచ్ పెట్టి ఇటో అటో మార్చుకోవడమో చేయాలి. తెంచకుండా సమాంతరంగా కలిపితే రెండు అవుట్‌పుట్లు ఒకదాన్నొకటి లాగేసి శబ్దం చచ్చిపోతుంది. సెట్టు ఆ మోడ్‌లో నిలబడాలంటే టేపు తిరగాలి, లేదా నిశ్శబ్దం రికార్డు చేసిన సీడీ ఒకటి రిపీట్‌లో తిరుగుతుండాలి.

టేప్ దారి కొన్ని వందల మిల్లీవోల్టులకే అలవాటుపడి ఉంటుంది. బోర్డు అంతకన్నా గట్టిగా ఇస్తే పాట పగులుతుంది. ప్రతి ఛానెల్‌లో 10 కిలోఓమ్‌ల రెసిస్టర్ వరసలో, దాని తర్వాత 4.7 కిలోఓమ్‌లది ఎర్త్‌కి పెడితే సిగ్నల్ దాదాపు మూడో వంతుకి దిగుతుంది.

బోర్డు ఎంచుకునేటప్పుడు స్పీకర్ యాంప్లిఫయర్ లేనిది తీసుకోండి. యాంప్లిఫయర్ ఉన్నవాటిలో అవుట్‌పుట్ నెగెటివ్ వైరు ఎర్త్ కాదు, రెండు వైర్లలోనూ సిగ్నలే ఉంటుంది. ఎర్త్‌కి కలిపితే చిప్ కాలుతుంది. సెట్టు స్పీకర్ వైర్లూ చాలావరకు ఇంతే, వాటిని ఎర్త్‌కి తాకనివ్వొద్దు.

బోర్డుని సెట్టు ఇనుప పెట్టెలో దాచకండి. బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలు అందులోంచి బయటికి రావు. కవచం ఉన్న వైరుతో బయటికి తెచ్చి, ప్లాస్టిక్ ప్యానెల్ వెనక, బోర్డు యాంటెన్నా అంచు లోహానికి రెండు మూడు సెంటీమీటర్ల దూరంగా అతికించండి.

మూసే ముందు వినండి

సెట్టు వేలాడుతుండగానే బ్యాటరీ కలిపి ఇంజిన్ స్టార్ట్ చేయండి. లైట్లు, ఫ్యాన్ వేసి, పాట ఆపి వినండి. ఈల వస్తే ఎర్త్ ఇంకా ఎక్కడో రెండు చోట్ల తగులుతోంది. ఇంజిన్‌తో సంబంధం లేకుండా టకటక వస్తుంటే బోర్డు కరెంటు కాళ్ల దగ్గరే 470 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్ పెట్టండి. గాయకుల గొంతు మాయమై వాద్యాలే బోలుగా వినిపిస్తే ఆడియో ఎర్త్ వైరు ఊడింది. ఎడమ కుడి ఛానెళ్ల తేడా మాత్రమే స్పీకర్లకి చేరుతోందన్నమాట. స్టార్ట్ కొట్టినప్పుడు బ్లూటూత్ తెగి మళ్లీ కలుస్తుంటే కంగారుపడకండి, ఆ క్షణంలో చాలా కార్లు ఆ వైరుకి కరెంటు ఆపేస్తాయి.

ఫోన్ వాల్యూమ్‌ని పైకి, 85 శాతం దగ్గర ఉంచి, పెంచడం తగ్గించడం సెట్టు మీదే చేయండి. ఫోన్ తక్కువగా పెట్టి సెట్టు పెంచితే బోర్డు బుస కూడా పెరుగుతుంది. కాల్ వచ్చినప్పుడు అవతలివాళ్లకి మీ మాట వినిపించకపోతే, బోర్డు మైకు లేకుండానే కాల్‌ని లాక్కుంటోంది. ఫోన్ బ్లూటూత్ సెట్టింగ్స్‌లో ఆ పరికరానికి కాల్స్ ఆపేసి, మీడియా ఆడియో మాత్రం ఉంచండి.