చామంతి మొగ్గ తొడగాలంటే రాత్రి చీకటి కావాలి

కార్తీకం వచ్చేసినా, ఆకు నిగనిగలాడుతున్నా చామంతికి ఒక్క మొగ్గా కనపడట్లేదంటే ముందు ఎరువుల జోలికి వెళ్లకండి. రాత్రి ఎనిమిదింటికి మేడ మీదకెళ్లి ఆ కుండీ మీద ఏ లైటు పడుతోందో చూడండి.

సెప్టెంబరు 23 ప్రాంతంలో పగలూ రాత్రీ సమానమవుతాయి, ఆ తర్వాత రాత్రులు పొడుగవుతూ పోతాయి. చామంతి మొగ్గ వేసేది ఆ పొడుగు రాత్రుల్లోనే. వీధిలైటో గేటు మీది ఎల్‌ఈడీ బల్బో తెల్లవార్లూ మొక్క మీదే వెలుగుతుంటే దానికి రాత్రి పడినట్టే ఉండదు, ఆకులే వేసుకుంటూ కూర్చుంటుంది. కుండీని చీకటి మూలకి జరపండి. కుదరకపోతే సాయంత్రం ఆరింటికి పెద్ద అట్టపెట్టె బోర్లించి పొద్దున ఏడింటికి తీసేయండి, మొగ్గలు స్పష్టంగా కనపడేదాకా ఒక్క రోజు కూడా మానకుండా. పగలు మాత్రం ఐదారు గంటల ఎండ తగలాల్సిందే.

కొమ్మ చివర బఠాణీ గింజంత ఆకుపచ్చ మొగ్గ వచ్చాక ఇక తలలు తుంచొద్దు. తుంచడం అంతా జులై, ఆగస్టుల్లోనే, కొమ్మ జానెడు పెరిగినప్పుడల్లా చివర రెండాకులు గిల్లేస్తే పక్కకొమ్మలు వచ్చి మొక్క గుబురవుతుంది. పెద్ద పువ్వు కావాలంటే కొమ్మకి నడిమి మొగ్గ ఒక్కటే ఉంచి పక్కవి తీసేయాలి. నాకైతే గుత్తులుగా చిన్న పూలే ఇష్టం, మాలకి అవే బాగుంటాయి.

నీళ్లు మొక్క మొదట్లోనే పోయండి, ఆకులు తడిస్తే మచ్చతెగులు పట్టుకుంటుంది. లేత మొగ్గల కింద నల్లగా పేనుబంక (రసం పీల్చే చిన్న పురుగులు) చేరుతుంది, కొమ్మ వంచి చూస్తేగానీ కనపడదు. లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం కొట్టండి.

చామంతి ఒక్కటే ఉంటే తోటలో రంగు ఆలస్యంగా మొదలవుతుంది, కాబట్టి దసరాకి అందేలా బంతి, పట్టుకుచ్చు విత్తనాలు జులై చివర్లో చల్లండి. బంతి పూతకి రావడానికి సుమారు రెండు నెలలు పడుతుంది, వాడిన పువ్వు ఎప్పటికప్పుడు తెంపేస్తే దీపావళి దాకా పూస్తుంది. ఆ తర్వాత డిసెంబరాలు ఎలాగూ ఉన్నాయి, ఊదా, తెలుపు రెండూ గోడవారన వేసుకోండి, పెద్దగా సేవ అడగవు.

నర్సరీలో చామంతి కొనేటప్పుడు పూర్తిగా విచ్చుకున్నది తీసుకోకండి, రంగు తొంగిచూస్తున్న మొగ్గలు ఎక్కువున్నది ఏరుకోండి. పూత అయిపోయాక మొక్క పీకేయకుండా నేల నుంచి బెత్తెడు ఉంచి కోసేయండి, మొదట్లోంచి పిలకలు వస్తాయి. ఎండాకాలం సగం నీడలో వాటిని కాపాడుకుంటే జూన్ వానలకి విడదీసి, కుండీకి ఒకటి చొప్పున నాటుకోవచ్చు.