శివారింటి కుళాయి నుంచి లెక్క మొదలుపెట్టండి

హిరమండలం రిజర్వాయరు నుంచి శ్రీకాకుళం జిల్లా తీరంలోని ఉద్దానానికి వంశధార నీళ్లు తేవడం సర్కారు పని. ఊరి ట్యాంకు నుంచి గుమ్మం దాకా చూసుకోవాల్సింది మాత్రం పంచాయతీ, నీటి కమిటీ. ఇంటింటికీ కుళాయి పథకం ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ లెక్కన మనిషికి రోజుకు 55 లీటర్లు ఇవ్వాలి. 1,200 మంది ఉన్న ఊరికి 66,000 లీటర్లు కావాలి. ట్యాంకు 40,000 లీటర్లదైతే రోజుకు రెండుసార్లు నింపాల్సిందే. జనాభాను 2011 జనగణన నుంచి ఎత్తి రాయకండి, ఇల్లిల్లూ తిరిగి రాసుకోండి. వలసపోయినవాళ్లు సంక్రాంతికి వస్తారు, ఆ వారానికి వేరే లెక్క వేసుకోండి.

అన్ని వీధులకూ ఒకేసారి వదిలితే పల్లపు వీధి నీళ్లన్నీ లాగేసుకుంటుంది, మెరక వీధి కుళాయిలో గాలే వస్తుంది. ఊరిని మూడు నాలుగు భాగాలు చేసి ఒక్కోదానికి ఒక గేట్ వాల్వు, ఒక వేళ పెట్టండి. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ముందు మెరకకే వదలాలి.

సరిపోతోందో లేదో శివారింట్లో బకెట్ పెట్టి చూడండి. నలుగురున్న ఇంటికి 220 లీటర్లు కావాలి. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట వదిలితే 15 లీటర్ల బకెట్ నాలుగు నిమిషాల్లో నిండాలి. నిండకపోతే ముందు వెతకాల్సింది అదే పైపు మీద ముందున్న ఇళ్లవాళ్లు కుళాయికి బిగించిన మోటార్లు. వాటిని మొహమాటం లేకుండా తీయించాలి. మోటారు లాగినప్పుడు వదులైన జాయింట్ల గుండా మురుగు కాలవ నీరు కూడా పైపులోకి వస్తుంది, ఊరంతా విరేచనాలతో పడకేస్తుంది.

బ్లీచింగ్ పొడి వెయ్యి లీటర్లకు 4 గ్రాములు, అంటే ఆ 40,000 లీటర్ల ట్యాంకుకు నింపినప్పుడల్లా 160 గ్రాములు. బకెట్ నీళ్లలో కలిపి, సున్నం అడుక్కి దిగాక పైతేట మాత్రమే పోసి, అరగంట ఆగి వదలండి. శివారు కుళాయి దగ్గర క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. సంచి మూతి తెరిచి ఉంచితే సముద్రపు చెమ్మకు పొడి బలం పోతుంది, కొలత సరిగ్గా వేసినా పనిచేయదు.

కరెంటు, ఆపరేటర్ జీతం, మరమ్మతులు కూడి ఇంటికెంత పడుతుందో గ్రామసభలోనే తేల్చండి. ఏ వాల్వు ఎవరు తిప్పాలో, ఆయన ఊళ్లో లేని రోజు ఎవరు తిప్పాలో ట్యాంకు స్తంభం మీద పెయింటుతో రాయించండి.