తడిసిన బిల్లులు, ఖాతా పుస్తకాలు ఫ్రీజర్‌లో పెట్టండి

తుఫాను వచ్చినా నాగావళి పొంగినా మా శ్రీకాకుళం కొట్లలో ముందు తడిసేవి కింది అరలో ఉన్న బిల్లులు, ఖాతా పుస్తకాలే. ముసురులో ఎండ ఉండదు, రెండు రోజులు దాటితే బూజు పట్టేస్తుంది.

అన్నీ ఒకేసారి ఆరబెట్టాలని టెన్షన్ పడకండి. తడి కాగితాలను ఒక్కొక్కటిగా లాగితే చిరుగుతాయి కాబట్టి వేలెడు మందం కట్టలుగా తీసి, నీళ్లు ఓడ్చి, ఒక్కో కట్టను పాలిథిన్ కవర్లో పెట్టి ఫ్రీజర్‌లో పడేయండి. మీకు కరెంటు లేకపోతే, కరెంటు ఉన్న ఊళ్లో చుట్టాలింటికి పంపినా సరే. గడ్డకట్టాక బూజు పెరగదు, మీకు తీరిక దొరుకుతుంది. తర్వాత రోజుకో కట్ట బయటపెట్టి, కరిగాక పది పేజీలకో తెల్ల కాగితం పెట్టి ఫ్యాన్ గాలికి ఉంచండి, అవి తడిస్తే మార్చండి. న్యూస్ పేపర్ వద్దు, దాని సిరా అంటుకుంటుంది. కాస్త తేమ ఉండగానే పలక వేసి రెండు ఇటుకలు పెడితే ముడతలు పోతాయి.

మిషన్‌లో వచ్చే నున్నటి థర్మల్ బిల్లులకు మాత్రం ఇస్త్రీ, హెయిర్ డ్రయ్యర్ తగలనివ్వకండి, వేడికి మొత్తం నల్లబడతాయి. వాటిని తడి మీదే ఫోన్‌లో ఫోటో తీసేయండి. ఫౌంటెన్ పెన్ను రాత కూడా నీళ్లకు అలుక్కుపోతే ఇక తిరిగి రాదు. జీఎస్టీ లెక్కలు వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు దాచాలి కదా, ముందు ఆ కట్టలే చూసుకోండి.