దిబ్బ ఎరువులోని తెల్ల పురుగులను ఇంట్లో పెంచడం ఎలా?

ముంగారు వానలకు ముందు అనంతపురం, కర్నూలు, కడప పల్లెల్లో దిబ్బలు తవ్వి ఎరువును పొలాలకు తోలుతారు. అప్పుడు బొటనవేలంత లావున్న తెల్ల పురుగులు ముడుచుకొని బయటపడతాయి. ఇవి పెంకు పురుగుల పిల్లలు. వీటిని ఇంట్లో ఉంచి, కోశం (రెక్కలొచ్చేముందు తమ చుట్టూ కట్టుకునే గూడు) కట్టి రెక్కలతో బయటికొచ్చేదాకా చూడవచ్చు. మన ప్రాంతంలో ఇవి ఆకలితో చచ్చేది తక్కువ, వేడికీ పచ్చి ఎరువుకీ చచ్చేదే ఎక్కువ. అందుకే ఏర్పాటంతా ఆ రెండింటినీ తప్పించేలా ఉండాలి.

ముందు పురుగును గుర్తుపట్టండి

చేత్తో పట్టొద్దు. చుట్టూ ఉన్న ఎరువుతో సహా గరిటెతో ఎత్తి, కాగితం మీద ఉంచి కాసేపు చూడండి. వెల్లకిలా తిరిగి వీపు మీద పాకితే అది పూలమీద వాలే పెంకు పురుగు పిల్ల. తల చిన్నగా, కాళ్లు పొట్టిగా ఉంటాయి. ఇంట్లో పెంచడానికి ఇదే సరైనది.

బాగా పెద్దదై, ముదురు రంగు తలతో వంకీ తిరిగి పక్కకు పడుకుంటే కొమ్ము పురుగు పిల్ల కావచ్చు. ఇది పెద్దదయ్యాక కొబ్బరి మొవ్వును తొలుస్తుంది. హిందూపురం, మడకశిర వైపు కొబ్బరి తోటల దగ్గర ఉండేవాళ్లు దీన్ని పెంచకపోవడమే మేలు. ఇక శనక్కాయ సాళ్లలో వేర్ల దగ్గర దొరికే వేరు పురుగును అసలు తేవద్దు. దానికి బతికున్న వేర్లు కావాలి, ఎరువు బానలో నిలవదు.

బాన, దాని చుట్టూ చల్లదనం

20 లీటర్లు పట్టే మట్టి బాన తీసుకోండి. ప్లాస్టిక్ బకెట్ చలికాలంలో సరిపోతుంది గానీ ఏప్రిల్, మే నెలల్లో లోపల ఉడికిపోతుంది. ఈ పురుగులకు 25 నుంచి 30 డిగ్రీలు హాయి, 35 దాటితే తిండి మానేస్తాయి. బయట 40 దాటే రోజుల్లో బానను తడి ఇసుక పోసిన తొట్టిలో నిలిపి, చుట్టూ తడిపిన గోనెపట్టా కట్టండి. మన గాలి పొడిగా ఉంటుంది కాబట్టి తడి త్వరగా ఆరుతూ బానను చల్లబరుస్తుంది. ఉదయం, సాయంత్రం గోనెను తడపాలి. గోనె ఎండితే బాన లోపలి చెమ్మను లాగేస్తుంది.

బానను ఎండ పడని గదిలో ఉంచండి. మూతికి సన్నటి దోమతెర కట్టండి, లేకుంటే చిన్న ఈగలు లోపల గుడ్లు పెడతాయి. చీమలు రాకుండా తొట్టిని స్టూలు మీద పెట్టి, దాని కాళ్లను నీళ్ల గిన్నెల్లో ఉంచండి. చీమల సుద్ద గీయొద్దు, ఆ గదిలో దోమల మందు వాడొద్దు. అవి ఈ పురుగులను కూడా చంపుతాయి.

మేత మిశ్రమం

బానకు సరిపడా 16 లీటర్ల మిశ్రమం కావాలి. దానికి బాగా మాగిన పశువుల ఎరువు 10 లీటర్లు, చివికిన మర్రి లేదా రావి ఆకులు 4 లీటర్లు, వేలితో నలిపితే పొడి అయ్యేంత పుచ్చిన కట్టె 2 లీటర్లు. వేపాకు, వేప పిండి, కానుగ ఆకు ఒక్క పిడికెడైనా కలపొద్దు. పురుగును చంపే గుణం వాటిలోనే ఉంది. మన ఊళ్లలో చెట్ల కింద ఊడ్చిన ఆకుల్లో ఇవే ఎక్కువ కనుక ఏరి చూడాలి. ఈమధ్యే ఐవర్‌మెక్టిన్ (పశువులకు పట్టే పురుగులు పోవడానికి వాడే మందు) సూది వేసిన పశువుల పేడ కూడా పనికిరాదు. ఆ మందు పేడలోకి దిగి పురుగులను చంపుతుంది. ఎరువు ఇచ్చేవాళ్లను తప్పక అడగండి.

ఎరువును పట్టా మీద పలుచగా పరిచి ఒక రోజు ఎండబెట్టి, జల్లెడ పట్టండి. జెర్రులు, చీమలు ఉంటే అక్కడే బయటపడతాయి. తర్వాత నీళ్లు చల్లుతూ కలపండి. గుప్పిట్లో పిండితే ముద్ద కట్టాలి, నీళ్లు కారకూడదు, వేలితో తాకితే ముద్ద విడిపోవాలి.

ఇక్కడ తొందరపడొద్దు. తడిపిన మిశ్రమాన్ని వారం రోజులు సంచిలో మూసిపెట్టి, మధ్యలోకి చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా తగిలినా, ముక్కు మండేలా ఘాటు వచ్చినా అది ఇంకా మాగలేదని అర్థం. అందులో పురుగులను వేస్తే ఒకట్రెండు రోజుల్లోనే పైకి వచ్చి నల్లబడి చస్తాయి.

బాన అడుగున నాలుగు అంగుళాలు గట్టిగా అదమండి, కోశాలు కట్టేది ఎక్కువగా అక్కడే. మిగతాది వదులుగా నింపి, పైన నాలుగు అంగుళాలు ఖాళీ ఉంచండి.

పురుగులను వదలడం, చూసుకోవడం

ఒక బానలో పూల పెంకు పురుగు పిల్లలు పన్నెండు, కొమ్ము పురుగు పిల్లలైతే నాలుగు మించొద్దు. ఇరుకైతే ఒకదాన్నొకటి కొరుకుతాయి, ఆ గాయం నల్లబడి చస్తాయి. పైన వదిలేస్తే అవే లోపలికి దిగుతాయి. గంట తర్వాత కూడా పైనే తిరుగుతుంటే మిశ్రమంలోనే లోపముంది.

పైపొర ఆరితే నీళ్లు చిలకరించండి. పండ్ల తొక్కలు, అన్నం వేయొద్దు, ఈగలూ సన్న పేనులూ పడతాయి. మేత తరిగేకొద్దీ గింజల్లాంటి రెట్టలు పెరుగుతాయి. మూడో వంతు అవే కనిపిస్తే జల్లించి తీసేసి, కొత్త మిశ్రమం కలపండి. పాతది సగమైనా ఉంచాలి. కొత్తదాంట్లో ఒక్కసారిగా వేస్తే తిండి మానేస్తాయి.

చచ్చిన పురుగు గట్టిపడి, మీద తెల్లగా, ఆపై పచ్చటి పొడి కనిపిస్తే అది బూజు తెగులు. దాన్నీ, ఆ బానలోని మిశ్రమాన్నీ పారేసి, బానను వేడినీళ్లతో కడిగి ఎండబెట్టండి. బతికినవాటిని వేరే గిన్నెలో విడివిడిగా ఉంచి గమనించాలి.

కోశం కట్టే వేళ

పురుగు పసుపు రంగుకు తిరిగి, ముడతలు పడి, కదలడం తగ్గిస్తే తవ్వడం ఆపేయండి. పూల పెంకు పురుగు మట్టితో, రెట్టలతో గుడ్డు ఆకారపు గూడు కడుతుంది. పొరపాటున అది పగిలితే, తడిపి పిండిన కాగితాన్ని గ్లాసులో పరిచి, పురుగు పట్టేంత గుంట చేసి అందులో పడుకోబెట్టి, చీకట్లో ఉంచండి.

పురుగు బయటికొచ్చాక పండిన అరటిపండు ముక్క పెట్టి, రోజూ మార్చండి. ఎక్కడినుంచి తెచ్చారో ఆ దిబ్బ దగ్గరే వదలండి. కొమ్ము పురుగునైతే వదలొద్దు, మూత గట్టిగా ఉన్న పెట్టెలోనే చివరిదాకా ఉంచండి. బానలో మిగిలిన ఎరువు పూలకుండీలకు బాగా పనికొస్తుంది, కానీ ముందు ఎండలో పరిచి గుడ్లు, పిల్లలు లేవని చూసుకోండి.