పిల్లల చేత గోరుచిక్కుడు వేపుడు – మూడవ పాఠం: పప్పుల పొడి, తిరగమాత

మొదటి పాఠంలో లేత కాయలను ఏరడం, ఈనె లాగి చేత్తోనే తుంచడం నేర్పించాము. రెండవ పాఠంలో ఆ ముక్కలను ఉప్పు వేసిన నీళ్లలో, మూత పెట్టకుండా, పచ్చదనం పోకుండా ఉడికించి వార్చాము. పొదిలి, కనిగిరి వైపు మెట్ట ఊళ్లలో కూరగాయలకు కరువు వచ్చినా గోరుచిక్కుడు మాత్రం ఎలాగో దొరుకుతుంది. అయితే తొమ్మిది, పదేళ్ల పిల్లలకు వంటను ఈ కూరతోనే మొదలుపెట్టమనడానికి అసలు కారణం అది కాదు. ఇందులో ఇంతవరకు కత్తితో పనే పడలేదు. ఇప్పుడు నిప్పూ నూనే వస్తున్నాయి కాబట్టి, ఈ పాఠం పూర్తయ్యేదాకా పెద్దవారొకరు పిల్లల పక్కనే నిలబడి ఉండాలి.

పొయ్యి వెలిగించడానికి ముందే పొడి సిద్ధం కావాలి. పావుకిలో కాయలకు గుప్పెడు పుట్నాలపప్పు, నాలుగు ఎండుమిరపకాయలు, పొట్టు తీయని వెల్లుల్లి రెబ్బలు ఐదారు, చిన్న ఎండుకొబ్బరి ముక్క, అర చెంచా జీలకర్ర, కొద్దిగా ఉప్పు చాలు. పుట్నాలు వేయించి అమ్మేవే గనుక వాటిని మళ్లీ వేయించనక్కర లేదు. మెత్తబడి ఉంటే కాసేపు ఎండలో పెడితే సరిపోతుంది. మిరపకాయలను మాత్రం చుక్క నూనెలో, రంగు నల్లబడకుండా పెద్దవారే వేయించి ఇవ్వాలి, ఎందుకంటే ఆ ఘాటుకు పిల్లలు ఉక్కిరిబిక్కిరై మొదటి రోజే వంటగది వదిలి పారిపోతారు. రోలు ఉన్న ఇంట్లో మిరపకాయలనూ ఉప్పునూ ముందు దంచి, తరువాత కొబ్బరి, జీలకర్ర, ఆపైన పప్పు వేసి, వెల్లుల్లిని చివర వేయాలి. మిక్సీ అయితే ఆపి ఆపి తిప్పాలి. ఒకే ఊపున తిప్పితే వెల్లుల్లి తడికి, కొబ్బరి నూనెకు పొడి ముద్దకడుతుంది. పొడి కొంచెం బరకగా ఉంటేనే ముక్కకు పట్టి నోటికి తెలుస్తుంది.

మిరపకాయలు ముట్టుకున్న చేతితో పిల్లలు కళ్లు నులుముకోవడం తప్పకుండా జరిగే పని. మిరపలోని మంట పదార్థం నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. అందువల్ల ఉత్త నీళ్లతో చేతులు కడిగితే లాభం లేదు. నాలుగు చుక్కల నూనె రాసి రుద్దించి, ఆ తరువాత సబ్బుతో కడిగించండి. ఎందుకో కూడా చెప్పండి. కారణం తెలిసిన పిల్ల మరోసారి చెప్పించుకోదు.

ఇక తిరగమాత. జుట్టు ముడి వేయించి, నూలు బట్టలు తొడిగించి, మూకుడు పిల్ల నడుముకు కాస్త పైన ఉండేలా కదలని పీట వేయండి. నూనె పోయకముందే మూకుడు లోపల తడి లేదని పిల్ల చేత పొడిగుడ్డతో తుడిపించాలి. నీరు నూనె కంటే బరువు కాబట్టి చుక్క తడి ఉన్నా అడుగుకు చేరుతుంది, కాగగానే ఆవిరై పైనున్న నూనెను ఎగజిమ్ముతుంది. మూడు చెంచాల వేరుశనగనూనె పోసి, మధ్యస్థమైన మంట మీద ఉంచి, ఒకే ఒక మినపబద్దను అందులో వేయించండి. బద్ద కదలకుండా అడుగున పడి ఉంటే ఇంకా ఆగాలి. దాని చుట్టూ సన్నని బుడగలు లేస్తే నూనె సిద్ధమైనట్టు. గడియారం చూసి ఇన్ని నిమిషాలని నేర్పడం కంటే ఇది మేలు, ఎందుకంటే మరో ఇంటి పొయ్యి మీద ఆ నిమిషాలు మారిపోతాయి గాని బుడగలు మారవు.

అప్పుడు చెంచా మినపప్పు వేసి, అది లేత బంగారు రంగుకు తిరగగానే అర చెంచా ఆవాలు వేయాలి. ఆవాలే ముందు వేసేవారు ఎక్కువ, అది తప్పని నేననను. అయితే చిటపటలకు బెదిరి పిల్లలు వెనక్కి జరిగేటప్పుడు మూకుట్లో చివరగా పడింది ఆవాలే అయితే మాడిపోయేది తక్కువ. ఆవగింజ లోపలి తడి ఆవిరై పై పొరను పగలగొట్టడమే ఆ చప్పుడని చెబితే బెదురు సగం తగ్గుతుంది. ఒక చేత మూత పట్టుకోవడం కూడా నేర్పండి. చప్పుడు పలచబడగానే మంట తగ్గించి రెండు ఎండుమిర్చి ముక్కలు, గుడ్డతో అద్దిన కరివేపాకు వేయించాలి. కరివేపాకు తడిగా ఉంటే పైన చెప్పిన నీటి సంగతే మళ్లీ జరుగుతుంది.

కలపడానికి చెక్క గరిటె ఇవ్వండి. స్టీలు గరిటె కాడ కాలుతుంది, చెక్క కాలదు. నెల్లూరు జిల్లాలో ఉదయగిరి చెక్క గరిటెలకు పెట్టింది పేరు. నర్ది, బిక్కి వంటి కర్రలతో అక్కడివారు చేసే చిన్న గరిటెలు పిల్లల చేతికి సరిగ్గా అమరుతాయి.

నీరోడిన ముక్కలను పళ్లెంలో పట్టుకుని, పైనుంచి ధబాలున కాకుండా, మూకుడు అంచునుంచి జార్చాలి. చిటికెడు పసుపు వేసి ఒకసారి కలిపి వదిలేయాలి. మొదట చుయ్యిమనే చప్పుడు తడి ఆవిరయ్యేదాకా ఉంటుంది. అది తగ్గి, గరిటెకు ముక్కలు పొడిగా గలగలమని తగిలి, అంచులు ముడుచుకుంటే వేగినట్టే. అస్తమానం కలుపుతుంటే ముక్క చితుకుతుంది గాని వేగదు. నిజానికి ఈ దశలో పిల్లల కంటే పెద్దలకే ఓపిక తక్కువ. "ఇటియ్యి, నేను చేస్తాలే" అని అమ్మమ్మ గరిటె లాక్కుంటే పాఠం అక్కడితో ఆగినట్టే. చేతులు వెనక్కి కట్టుకుని, నోటితోనే చెప్పాలి.

పొడి ఎప్పుడూ పొయ్యి ఆపాకే చల్లాలి. పుట్నాలపొడి మంట మీద క్షణాల్లో మాడి చేదెక్కుతుంది, మూకుడు వేడే దానికి చాలు. ఇనుప మూకుడైతే పొయ్యి ఆపినా చాలాసేపు వేడి వదలదు కాబట్టి, పొడి కలిసిన వెంటనే కూరను గిన్నెలోకి తీయించండి. ఉడికించిన నీళ్లలో ఉప్పుంది, పొడిలోనూ ఉప్పుంది. అందుకని రుచి చూడకుండా పైన ఉప్పు వేయనివ్వకండి. పప్పుచారన్నంలోకి ఈ వేపుడు బాగా కుదురుతుంది.

ఒక్క విషయం మాత్రం మూకుడు పెట్టకముందే పిల్లల చేత తిరిగి చెప్పించండి: మూకుట్లో నూనెకు నిప్పు అంటుకుంటే నీళ్లు పోయరాదు, దూరంగా జరిగి పెద్దవారిని పిలవాలి. పెద్దవారు పొయ్యి ఆపి, మూకుడు కదిలించకుండా మూత పెట్టాలి.

నాలుగవ పాఠంలో ఇదే పొడితో దొండకాయ వేపుడు చేయించి, కత్తి పట్టడం మొదలుపెడతాము. అప్పటికి లేత దొండకాయలు పావుకిలో, జారకుండా కింద తడిగుడ్డ పరిచిన చెక్కపలక, పదునున్న చిన్న చాకు సిద్ధం చేసుకోండి. పిల్లలకని మొద్దుబారిన చాకు ఇవ్వకండి. కాయ మీద జారి వేలికి తగిలేది అదే.