సముద్రం పక్క ఇంట్లో సొంత సర్వర్: విశాఖకు తిరిగొచ్చిన డెవలపర్లకు

అమెరికాలో ఉద్యోగం మానేసి విశాఖ వచ్చేస్తున్న సాఫ్ట్‌వేర్ మిత్రులు నన్ను తప్పకుండా అడిగేది ఒకటుంది. "గరాజ్‌లో పెట్టుకున్న సర్వర్‌ని ఏం చేయమంటావ్, పట్టుకొచ్చేయనా?" సర్వర్ అంటే ఫైళ్ళు దాచిపెట్టుకుని ఎప్పుడూ ఆన్‌లో ఉండే కంప్యూటర్. డిస్కులు తెచ్చుకో, మిగతాది అక్కడే అమ్మేసెయ్ అంటాను. డాలస్ నుంచి వచ్చాక లాసన్స్ బే కాలనీలో అమ్మానాన్నల దగ్గరే ఉంటున్నాను. ఇంటి ఫోటోలు, నాన్న ఓపిగ్గా స్కాన్ చేసే పొలం కాగితాలు, నా కోడ్ అన్నీ ఇంట్లో సర్వర్ మీదే ఉన్నాయి. ఇక్కడ ఈ సరదా సాగాలంటే లైనక్స్ (సర్వర్లు నడిపే ఆపరేటింగ్ సిస్టమ్) తెలిస్తే చాలదు. కరెంటు సంగతి, ఉప్పుగాలి సంగతి కూడా తెలియాలి.

ముందు తెచ్చుకునే సామాను. అమెరికాలో 120 వోల్టులు, మనకు 230. లాప్‌టాప్ ఛార్జర్లు, చాలా కంప్యూటర్ల పవర్ సప్లైల మీద 100-240 అని రాసి ఉంటుంది. వాటికి పిన్ మారిస్తే సరిపోతుంది. అక్కడి యూపీఎస్ మాత్రం ఇక్కడ పనికిరాదు. దానికంటే ప్రమాదం సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న పొడవాటి ప్లగ్ పట్టీ. చూడ్డానికి ఉత్త వైరులా ఉంటుంది గానీ, లోపలి బిళ్ళలు 120 వోల్టులకు సరిపడా పెట్టినవి. అడాప్టర్ పెట్టి మన గోడకు గుచ్చితే ఢామ్మని పేలుతుంది, మంట కూడా రావచ్చు. సూట్‌కేసులో దానికి చోటివ్వకండి.

పాత డెస్క్‌టాప్ ఒకటి ఉంది కదా అని దాన్నే సర్వర్ చేయబోతారు. లెక్క వేసుకోండి. ఊరికే ఉన్నా 60 వాట్లు తాగే పెట్టె నెలంతా నడిస్తే 43 యూనిట్లు. 10 వాట్లతో సరిపెట్టుకునే మినీ పీసీకి నెలకు ఏడు యూనిట్లు చాలు. బిల్లులో శ్లాబు మారితే నాన్న నన్నే పిలుస్తారు. ఆఫీసులు వాడి వదిలేసిన థింక్‌సెంటర్ టైనీ, ఆప్టిప్లెక్స్ మైక్రో లాంటి మినీ పీసీలు సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతాయి, ద్వారకానగర్ కంప్యూటర్ షాపుల్లో అడిగి చూడండి. అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ రాస్ప్‌బెర్రీ పై అయినా మంచిదే, మెమరీ కార్డు మీద మాత్రం నడపకండి. కరెంటు టపటపా పోయి వచ్చే ఊళ్ళో ఆ కార్డు ఎక్కువ కాలం బతకదు. ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాల్లేని డిస్కు) పెట్టండి.

ఇక ఉప్పు. మా వీధిలో కిటికీ గ్రిల్స్ చూస్తే చాలు, వేరే రుజువు అక్కర్లేదు. గాల్లో తేమ 75 శాతం దాటితే ఉప్పు దానంతటదే నీళ్ళు పీల్చుకుని చెమ్మగిల్లుతుంది. విశాఖలో తెల్లవారుజామున తేమ ఆ గీత దాటడం మామూలే. సర్క్యూట్ బోర్డు మీద కంటికి కనబడని ఉప్పు పొర ఉంటే, ఆ చెమ్మ రాగిని మెల్లగా తినేస్తుంది. అందుకే ఆపేసి మూల పడేసిన పరికరం కంటే ఎప్పుడూ ఆన్‌లో ఉండి కాస్త వెచ్చగా ఉండేదే ఇక్కడ ఎక్కువ కాలం నిలుస్తుంది. వాడకపోయినా పాత లాప్‌టాప్‌ని అప్పుడప్పుడు ఒక పూట ఆన్ చేసి ఉంచమని నేను చెప్పేది ఇందుకే.

చోటు విషయంలో నా పట్టుదల కొంచెం ఎక్కువ. సముద్రం వైపు గది వద్దు, బాల్కనీ గోడ అసలే వద్దు. వంటింటి పక్క గోడకి తాళింపు జిడ్డు పడుతుంది. దాని మీద ఉప్పు, దుమ్ము అతుక్కుంటే ఇక వదలవు. పై అంతస్తయితే అటక మీద పెట్టకండి, మే నెలలో స్లాబు వేడికి డిస్కులు ఉడికిపోతాయి. మా ఇంట్లో పడమటి గదిలో పుస్తకాల అల్మరా నడిమి అరలో ఉంది, తలుపుల్లేని అర. ఫ్యాను లేని పెట్టె దొరికితే అదే తీసుకోండి. ఫ్యాను గాలితో పాటు ఉప్పునీ లోపలికి లాగుతుంది. వాడని ల్యాన్ (నెట్ వైరు), యూఎస్‌బీ రంధ్రాలకు రబ్బరు మూతలు పెట్టేయండి, చవకే. వానాకాలం వెళ్ళాక ఒకసారి వైర్లు పీకి చూడండి. ల్యాన్ పిన్నుల మీద పచ్చగా చిలుము కనబడితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. వైరు కొసకు పట్టి ఉంటే తుడుస్తూ కూర్చోవద్దు, కొస కత్తిరించి కొత్త కనెక్టర్ వేసుకోండి.

కరెంటుకి వద్దాం. ఏ పరికరం కొనకముందే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్ చూపించండి. మా ఇంటికి వచ్చినాయన మీటరు పెట్టి చూసి, "మూడో పిన్ను ఉందండి మేడమ్, దాని వెనకాల వైరే లేదు" అన్నాడు. పాత ఇళ్ళలో ఇది కొత్తేమీ కాదు. ఫేజుకీ ఎర్తుకీ మధ్య ఇంచుమించు 230 రావాలి, న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య నాలుగైదు వోల్టులు మించకూడదు.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంటుంది కదా అని ధీమా పడకండి. సాధారణంగా ఫ్యాన్లు, లైట్లకే దాని లైను వేస్తారు. సర్వర్ పెట్టే ప్లగ్ పాయింటుకి, రౌటర్ పాయింటుకి కూడా ఆ లైను లాగించాలి. చాలా ఇన్వర్టర్లకు యూపీఎస్ మోడ్ అని ఒక మీట ఉంటుంది, దాన్ని అటు తిప్పండి. లేకపోతే కరెంటు పోయి బ్యాటరీ అందుకునే లోపు కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది. కొత్తగా కొనేవాళ్ళు సైన్ వేవ్ (గోడ కరెంటు లాగే సాఫీగా ఇచ్చే) ఇన్వర్టర్‌నే తీసుకోండి. బయాస్‌లో, అంటే కంప్యూటర్ సొంత సెట్టింగుల పేజీలో, "కరెంటు తిరిగొస్తే ఆన్ అవ్వు" అనే సెట్టింగు మర్చిపోవద్దు.

ఒక చిక్కు మిగిలింది. మామూలు ఇంటి ఇన్వర్టర్‌కి కంప్యూటర్‌తో మాట్లాడే దారి లేదు, బ్యాటరీ ఎంతుందో సర్వర్‌కి తెలియదు. నా కిటుకు ఏమిటంటే, ఇన్వర్టర్ లైను లేని పాయింటులో చవకరకం వైఫై ప్లగ్ ఒకటి పెట్టాను. సర్వర్ నిమిషానికోసారి దాన్ని పింగ్ చేస్తుంది, అంటే "ఉన్నావా" అని నెట్‌వర్క్ మీద పలకరిస్తుంది. అరగంట పాటు పలక్కపోతే నిజంగానే కరెంటు లేదని అర్థం, పద్ధతిగా షట్‌డౌన్ అయిపోతుంది. ఇలా ఆగినప్పుడు ఇన్వర్టర్ ఇంకా నడుస్తూనే ఉంటుంది కాబట్టి, కరెంటు వచ్చినా సర్వర్ తనంతట తాను లేవదు. బటన్ అమ్మే నొక్కుతుంది, అందుకే దాని పక్కన ఎర్ర స్టిక్కరు అంటించాను.

ఇంటర్నెట్‌ది వేరే గొడవ. బయటి నుంచి ఇంటి సర్వర్‌ని అందుకోవాలంటే పబ్లిక్ ఐపీ (ఇంటర్నెట్‌లో బయటివాళ్ళకి కనబడే అడ్రసు) కావాలి. మనకు ఇచ్చేది చాలాసార్లు సీజీనాట్ వెనకాల ఉంటుంది, అంటే ఒకే ఐపీని ఎన్నో ఇళ్ళు పంచుకుంటాయి. రౌటర్ సెట్టింగుల పేజీలో వాన్ ఐపీ (బయటి నెట్ వైపు అడ్రసు) చూడండి. 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీదీ అంతే, పోర్టు ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చేదాన్ని సర్వర్‌కి పంపే రౌటర్ సెట్టింగు) మీద రాత్రిళ్ళు తగలేసుకోకండి. స్టాటిక్ ఐపీకి నెలనెలా డబ్బు కట్టడం ఒక దారి. ఐపీవీ6 (కొత్త రకం ఐపీ అడ్రసు) ఉంటే దాంతో నేరుగా రావచ్చు, ఫైర్‌వాల్ మాత్రం గట్టిగా బిగించుకోవాలి. నేనైతే టెయిల్‌స్కేల్ వాడతాను, నా పరికరాలన్నిటినీ ఒక సొంత నెట్‌వర్క్‌లా కలిపే వీపీఎన్ అది. లోపల నడిచేది వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పద్ధతే, పోర్టు తెరవక్కర్లేదు, అమ్మ ఫోన్‌లో కూడా పెట్టి వదిలేశాను. అది ఇచ్చే అడ్రసులు కూడా 100 తోనే మొదలవుతాయి, చూసి కంగారు పడకండి.

సాఫ్ట్‌వేర్ గురించి మీకు నేను చెప్పేదేముంది. ఫోటోలు దాచి చూసుకోవడానికి ఇమ్మిచ్ అనే యాప్ బాగుంది. మిగతాది డాకర్‌లో (ఒక్కో యాప్‌ని విడిగా నడిపే సాధనం) మీ ఇష్టం.

బ్యాకప్ సంగతి మాత్రం చెప్పాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను ఈ ఊరి మీదే తీరం దాటింది. ఎన్నో వీధుల్లో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. డాలస్‌లో కూర్చుని ఇంటికి ఫోన్ కలవక మేం పడ్డ టెన్షన్ అప్పటివాళ్ళకి తెలుసు. కాబట్టి రెండో కాపీ అనకాపల్లిలో పిన్ని ఇంట్లోనో, విజయనగరంలో స్నేహితుడి దగ్గరో పెడితే లాభం లేదు, తుపాను వాళ్ళనీ వదలదు. నా కాపీ హైదరాబాద్‌లో తమ్ముడి ఇంట్లో చిన్న పెట్టెలోకి రోజూ రాత్రి రెస్టిక్ అనే బ్యాకప్ ప్రోగ్రాంతో వెళ్తుంది, ఎన్‌క్రిప్ట్ అయ్యే వెళ్తుంది. దాని పాస్‌వర్డ్ పోతే ఫోటోలు పోయినట్టే, తిరిగి తీసే మార్గం లేదు. కాగితం మీద రాసి ఇంటి దస్తావేజులతో పాటు లాకర్లో పెట్టండి, ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికి చెప్పండి. నెలకోసారి ఏదో ఒక ఫోల్డర్‌ని వెనక్కి తెప్పించి తెరిచి చూడండి. తుపాను హెచ్చరిక వచ్చిన రోజు సర్వర్ ఆపేసి, గోడ నుంచి ప్లగ్ పీకి, ల్యాన్ వైరు కూడా తీసేయండి.