సీ భాషలో ట్రీ కడుతున్నప్పుడు మెమరీని స్కోప్‌కి కట్టేయడం ఎలా

పార్సర్, అంటే టెక్స్ట్‌ని ముక్కలుగా విడదీసి అర్థం చేసుకునే కోడ్, ఒక ఫైల్ చదువుతూ ట్రీ కడుతోంది. ప్రతి నోడ్‌కీ ఒక మాలాక్ (మెమరీ అడిగి తీసుకునే పిలుపు), నోడ్‌లోని పేరుకి మరో మాలాక్. మధ్యలో ఎక్కడో సింటాక్స్ తప్పు తగిలింది, వెనక్కి వచ్చేయాలి. అప్పటికి ఏ నోడ్ ట్రీకి తగులుకుంది, ఏది ఇంకా లోకల్ వేరియబుల్‌లోనే ఉంది, ఏ పేరు కాపీ అయింది అన్నీ లెక్కగట్టి ఒక్కొక్కటే ఫ్రీ చేయాలి, అంటే మెమరీని తిరిగి ఇచ్చేయాలి. లీకులు, డబుల్ ఫ్రీలు ఎక్కువగా దాక్కునేది ఇలాంటి ఎర్రర్ దారుల్లోనే, ఎందుకంటే వాటిని రోజూ నడిపి చూసేవాళ్లు ఉండరు.

ట్రీలోని నోడ్‌లు సాధారణంగా ఒకే పని కోసం పుట్టి, ఒకేసారి పోతాయి. అందుకే వాటన్నిటినీ ఒకే అరీనాలోంచి (ముందే తీసుకున్న పెద్ద మెమరీ బ్లాకుల్లోంచి) తీసుకుని, పని అవగానే అరీనాని మొత్తంగా వదిలేయడం మేలు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లోని మెమరీ కాంటెక్స్టులు, అపాచీ వెబ్ సర్వర్ పూల్స్, సాంబా ఫైల్ సర్వర్ వాడే టాలాక్ లైబ్రరీ, గ్నూ అబ్‌స్టాక్ ఈ ఆలోచనకే వేర్వేరు రూపాలు.

కోడ్ ముట్టుకునే ముందు ప్రోగ్రామ్‌లో ఎన్ని రకాల ఆయుష్షులున్నాయో కాగితం మీద రాసుకోండి. ప్రోగ్రామ్ నడిచినంతసేపూ ఉండేవి, ఒక రిక్వెస్ట్ లేదా ఒక ఫైల్ ఉన్నంతసేపు ఉండేవి, ఒక ఫంక్షన్ లోపలే ముగిసేవి అని సాధారణంగా మూడు తేలతాయి. ఒక్కో ఆయుష్షుకి ఒక్కో అరీనా. ఏడెనిమిది రకాలు తేలితే డిజైన్‌నే మళ్లీ చూసుకోవాలి.

అరీనా కట్టడం

బ్లాక్ హెడర్‌లో మూడు ఫీల్డులు చాలు: వెనకటి బ్లాక్‌కి పాయింటర్, మొత్తం సైజు, ఇప్పటిదాకా వాడిన సైజు. 64-బిట్ మెషీన్‌పై ఇది 24 బైట్లు. మొదటి గొయ్యి ఇక్కడే ఉంది. లైనక్స్ 64-బిట్‌లో మాలాక్ ఇచ్చే అడ్రస్ 16కి అలైన్ అయి ఉంటుంది, అంటే 16తో శేషం లేకుండా భాగమవుతుంది, కానీ 24 బైట్ల హెడర్ తర్వాత మొదలయ్యే డేటా 8కి మాత్రమే అలైన్ అవుతుంది. హెడర్‌ని 32 బైట్లకి పెంచండి, లేదా ఆఫ్‌సెట్‌ని (బ్లాక్‌లో మొదటి నుంచి ఉన్న దూరాన్ని) కాకుండా అసలు అడ్రస్‌నే అలైన్ చేయండి.

అడిగిన ప్రతిసారీ జరిగేది ఇది. వాడిన ఆఫ్‌సెట్ 1003, కావాల్సిన అలైన్‌మెంట్ 8 అనుకుందాం. 7 కలిపితే 1010. కింది మూడు బిట్లు సున్నా చేస్తే 1008. నోడ్ సైజు 56 అయితే కొత్త ఆఫ్‌సెట్ 1064, తిరిగి ఇచ్చేది 1008 దగ్గరి అడ్రస్. చోటు ఉందో లేదో చూసేటప్పుడు ఆఫ్‌సెట్‌కి సైజు కలిపి పోల్చొద్దు. ఎవరైనా భారీ సైజు అడిగితే ఆ కూడిక పొంగి చిన్న సంఖ్య అయి కూర్చుంటుంది. కెపాసిటీలోంచి ఆఫ్‌సెట్ తీసేసి, మిగిలినదాన్ని సైజుతో పోల్చండి. అదైనా, అలైన్ చేశాక ఆఫ్‌సెట్ కెపాసిటీని దాటలేదని చూసుకున్న తర్వాతే. అన్‌సైన్డ్ తీసివేత నెగటివ్‌కి వెళ్లదు, బ్రహ్మాండమైన సంఖ్య ఇస్తుంది. అప్పుడు లేని చోటు ఉన్నట్టు కనిపిస్తుంది. అర్రే అడిగే ఫంక్షన్‌లో ఎన్ని, ఒక్కోటి ఎంత అనే రెంటినీ గుణించే ముందు, సైజ్ టైప్ గరిష్ఠ విలువని ఒక్కోటి సైజుతో భాగించి సరిచూడాలి.

చోటు లేకపోతే కొత్త బ్లాక్. 64 కిలోబైట్లతో మొదలుపెడితే చాలా పనులకి సరిపోతుంది. బ్లాక్‌లో నాలుగో వంతుకి మించి అడిగేవాటికి విడిగా ఒక బ్లాక్ ఇచ్చి, వాటిని వేరే లిస్ట్‌లో పెట్టండి. లేకపోతే ఒక్క పెద్ద స్ట్రింగ్ రాగానే ఇప్పటి బ్లాక్‌లో మిగిలిన చోటంతా వృథా.

నోడ్ ఆకారం

చైల్డ్ పాయింటర్లని రియాలాక్‌తో పెరిగే అర్రేలో పెట్టే అలవాటు అరీనాకి పడదు. పెరిగిన ప్రతిసారీ పాత అర్రే అరీనాలోనే శవంలా ఉండిపోతుంది. బదులుగా నోడ్‌లో నాలుగు పాయింటర్లు పెట్టండి: పేరెంట్, మొదటి చైల్డ్, చివరి చైల్డ్, పక్క నోడ్. చివరి చైల్డ్ లేకుంటే కొత్త చైల్డ్‌ని తగిలించడానికి ప్రతిసారీ లిస్ట్ మొత్తం నడవాలి. వెయ్యి మంది పిల్లలున్న నోడ్ దగ్గర అది దాదాపు 5 లక్షల అడుగులవుతుంది. వీటికి రకం, లైన్ నంబర్ నాలుగేసి బైట్లు, పేరు పాయింటర్, దాని పొడవు ఎనిమిదేసి బైట్లు కలిపితే సరిగ్గా 56. అన్నిటికీ గుడ్డిగా 16 అలైన్‌మెంట్ ఇస్తే నోడ్‌కి 64 బైట్లు పోతాయి. టైప్ అసలు అలైన్‌మెంట్‌ని ఆర్గ్యుమెంట్‌గా పంపితే 56తోనే సరి.

పేర్లని కాపీ చేయకండి. ఫైల్ బఫర్‌లోకే పాయింటర్, పొడవు పెట్టుకుంటే చాలు. షరతు ఒక్కటే, ఆ బఫర్ ట్రీ ఉన్నంతకాలం బతికి ఉండాలి. బఫర్‌ని కూడా అదే అరీనాలోంచి తీసుకుంటే ఆ చింత ఉండదు.

కూల్చడానికి రికర్షన్ (ఫంక్షన్ తనని తానే పిలుచుకోవడం) అక్కర్లేకపోవడం అరీనాతో వచ్చే పెద్ద లాభం. వరసలో ఉన్న డేటాతో బ్యాలెన్స్ లేని బైనరీ ట్రీ కడితే అది పొడవాటి గొలుసై కూర్చుంటుంది. పది లక్షల నోడ్‌ల గొలుసుని రికర్షన్‌తో ఫ్రీ చేయబోతే, లైనక్స్‌లో మామూలుగా ఉండే 8 మెగాబైట్ల స్టాక్ చాలదు. అరీనా బ్లాకుల లిస్ట్‌ని నడిచి వదిలేస్తుంది, ట్రీ వైపు చూడనే చూడదు. ప్రింట్ చేసే, వెతికే ఫంక్షన్లలో మాత్రం రికర్షన్ ఉంటుంది కాబట్టి పార్సర్‌లోనే లోతుకి 1000 లాంటి హద్దు పెట్టండి.

స్కోప్: గుర్తు పెట్టడం, వెనక్కి తిప్పడం

ఫంక్షన్ లోపలి తాత్కాలిక పనికి కొత్త అరీనా తెరవనక్కర్లేదు. మొదట్లో బ్లాక్ పాయింటర్, ఆఫ్‌సెట్ రెండూ దాచుకోండి. చివర్లో ఆ గుర్తు తర్వాత వచ్చిన బ్లాకుల్ని వదిలేసి ఆఫ్‌సెట్‌ని పాత చోటికి తిప్పండి. పెద్ద బ్లాకులకి వేరే లిస్ట్ పెట్టారు కదా, దాని తల కూడా ఈ గుర్తులోనే ఉండాలి. ఇది మర్చిపోతే ప్రోగ్రామ్ బాగానే నడుస్తుంది, పెద్ద స్ట్రింగులు మాత్రం అరీనా మూసేదాకా పేరుకుపోతాయి. లీక్ చెకర్ కూడా పట్టుకోలేదు, ఎందుకంటే చివరికి అన్నీ ఫ్రీ అవుతాయి.

ఇంతకన్నా ప్రమాదకరమైనది ఇంకొకటి. ఫలితం కోసం ఒక అరీనా, చిత్తు పనికి స్క్రాచ్ అరీనా తీసుకునే ఫంక్షన్‌కి, పిలిచినవాళ్లు రెండిటికీ ఒకటే పంపితే, చిత్తుని తుడిచేటప్పుడు ఫలితమూ పోతుంది. ఒక్కో థ్రెడ్‌కి రెండు స్క్రాచ్ అరీనాలు ఉంచి, ఫలితం అరీనా కానిదాన్ని వెతికి ఇచ్చే చిన్న ఫంక్షన్ రాయండి. అరీనాని థ్రెడ్‌ల మధ్య పంచుకోవద్దు. లాక్ పెడితే అరీనా వేగం పోతుంది, పైగా ఒక థ్రెడ్ వెనక్కి తిప్పితే ఇంకో థ్రెడ్ డేటా చెరిగిపోతుంది.

జీసీసీ, క్లాంగ్ కంపైలర్లలో క్లీనప్ ఆట్రిబ్యూట్ ఉంది. వేరియబుల్ స్కోప్ దాటగానే మీరు చెప్పిన ఫంక్షన్‌ని, ఆ వేరియబుల్ అడ్రస్‌తో పిలుస్తుంది. డిక్లేర్ చేసిన క్రమానికి ఎదురు క్రమంలో. మధ్యలో ఎక్కడ రిటర్న్ అయినా స్క్రాచ్ వెనక్కి తిరుగుతుంది కాబట్టి గోటూ లేబుళ్ల బెడద తగ్గుతుంది. అయితే రిటర్న్ విలువ ముందే లెక్కయిపోతుంది, క్లీనప్ తర్వాత నడుస్తుంది. స్క్రాచ్‌లోకి పాయింటర్ రిటర్న్ చేస్తే పిలిచినవాళ్ల చేతికి చచ్చిన అడ్రస్ వస్తుంది. లాంగ్‌జంప్‌తో (మామూలు రిటర్న్ లేకుండా పాత చోటికి దూకే పిలుపుతో) బయటికి దూకితే క్లీనప్ నడుస్తుందని నమ్ముకోవడానికి లేదు. క్లీనప్, లాంగ్‌జంప్ రెండిట్లో ఒకటే ఎంచుకోండి.

ట్రీ మారుతూ ఉంటే

ఎడిటర్‌లోని డాక్యుమెంట్ లాంటి ట్రీ గంటల తరబడి బతుకుతుంది, నోడ్‌లు వస్తూ పోతూ ఉంటాయి. నోడ్‌లన్నీ ఒకే సైజైతే, తీసేసిన నోడ్‌ని ఫ్రీ లిస్ట్‌లో పెట్టి తర్వాత అడిగినవాళ్లకి ఇస్తే సరిపోతుంది. సైజులు రకరకాలైతే, సబ్‌ట్రీని ఒక యజమాని నుంచి ఇంకో యజమానికి మార్చాల్సి వస్తే టాలాక్ లాంటిది నయం. అందులో ప్రతి ముక్కా ఇంకో ముక్కకి పేరెంట్ కాగలదు, పేరెంట్‌ని ఫ్రీ చేస్తే కింద ఉన్నవన్నీ పోతాయి, డిస్ట్రక్టర్లు (ఫ్రీ అయ్యేటప్పుడు నడిచే ఫంక్షన్లు) తగిలించొచ్చు కాబట్టి ఫైల్ హ్యాండిల్స్ కూడా మూసుకుంటాయి. కాకపోతే ఒక్కో ముక్కకి వచ్చే హెడర్ మన 56 బైట్ల నోడ్ కంటే పెద్దది. లక్షల నోడ్‌లకి ఇది తగదు.

డేటా ట్రీ వేరు, మెమరీ ట్రీ వేరని మర్చిపోవద్దు. నోడ్‌ని డేటా ట్రీ నుంచి విడదీసినంత మాత్రాన టాలాక్ పేరెంట్ కింద నుంచి అది కదలదు; ఫ్రీ చేసేదాకా, లేదా వేరే పేరెంట్‌కి మార్చేదాకా అక్కడే ఉంటుంది. అలాగే రెండు ట్రీలు పంచుకునే నోడ్‌ని ఏ ఒక్కదాని కిందా పెట్టకండి, రెండిటికన్నా ఎక్కువ కాలం బతికే కాంటెక్స్ట్‌కి ఇవ్వండి.

తప్పులు పట్టుకోవడం

అరీనా వాడగానే అడ్రస్ శానిటైజర్‌కి (మెమరీ తప్పుల్ని పట్టుకునే టూల్‌కి) సగం చూపు పోతుంది. దానికి 64 కిలోబైట్ల ఒకే ముక్క కనిపిస్తుంది కాబట్టి, ఒక నోడ్ దాటి పక్క నోడ్‌లో రాసినా గమనించదు. వెనక్కి తిప్పిన భాగాన్ని శానిటైజర్ మాక్రోతో పాయిజన్ చేయొచ్చు, అంటే ముట్టుకోకూడనిదిగా గుర్తించొచ్చు, కానీ అంతకంటే తేలికైన దారి ఉంది. డీబగ్ బిల్డ్‌లో అరీనా ఫంక్షన్ మెమరీ అడిగిన ప్రతిసారీ విడిగా మాలాక్ పిలిచి, ఆ పాయింటర్లని ఒక లిస్ట్‌లో దాచుకుని, వెనక్కి తిప్పేటప్పుడు ఫ్రీ చేసేలా ఒక కంపైల్ స్విచ్ పెట్టండి. పిలిచే కోడ్‌లో ఒక్క అక్షరం మారదు, శానిటైజర్‌కి మాత్రం ప్రతి నోడ్ విడిగా కనిపిస్తుంది.

అదే స్విచ్ కింద ఒక కౌంటర్ కూడా పెట్టి, ఎన్నో పిలుపు దగ్గర నల్ (మెమరీ దొరకలేదని చెప్పే ఖాళీ పాయింటర్) ఇవ్వాలో బయటి నుంచి చెప్పండి. 1 నుంచి మొదలుపెట్టి, పార్స్ పూర్తిగా నెగ్గేదాకా ఒక్కో సంఖ్య పెంచుతూ అదే ఇన్‌పుట్‌తో టెస్ట్ నడపండి. మెమరీ దొరకనప్పుడు నడిచే దారులన్నీ ఆ ఇన్‌పుట్ మేరకు ఒక్కొక్కటిగా బయటికొస్తాయి. క్రాష్ అయిన సంఖ్య దగ్గర డీబగ్గర్ ఆపితే, నల్ చూడకుండా నోడ్‌ని వాడిన లైన్ ఎదురుగానే ఉంటుంది.